ఒక్కదాన్నే కూర్చుని బయాప్సీలు చూస్తాను. నా తప్పు నాకు చెప్పేదెవరు?

నాగావళి ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మాది పార్వతీపురం. 2009లో విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎండీ పాథాలజీ (ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి రోగం తేల్చే చదువు) పూర్తి చేశాను. పెళ్లయ్యాక రాయగడ వచ్చేశాను. పద్నాలుగేళ్లుగా ఇక్కడ సొంత ల్యాబ్. ఒక మైక్రోస్కోపు, ముక్కల్ని పల్చగా కోసే ఒక మైక్రోటోమ్, ఇద్దరు టెక్నీషియన్లు, నేను. గుణుపూర్, మునిగుడ వైపు నర్సింగ్ హోమ్‌ల నుంచి కూడా కలుపుకుంటే నెలకు డెబ్భై, ఎనభై స్పెసిమెన్లు వస్తాయి. గాల్‌బ్లాడర్లు, అపెండిక్సులు, గర్భసంచులు, మెడ గడ్డలు, గుట్కా, గుడాఖు నోళ్ల పుండ్లు. మా ఇంట్లో ఒక మాట ఉంది: రక్తపరీక్షలు అన్నం పెడతాయి, బయాప్సీలు నిద్ర చెడగొడతాయి.

అసలు విషయానికి వస్తాను. రెండేళ్ల కిందట పంతొమ్మిదేళ్ల కుర్రాడి మెడ నుంచి తీసిన లింఫ్ నోడ్ (లింఫు గ్రంథి) వచ్చింది. సర్జన్ పంపే రిక్విజిషన్ కాగితం మీద రెండే మాటలు: 'మెడ వాపు, టీబీ?' స్లైడు పెట్టగానే మొదటి ఫీల్డులోనే గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాల గుంపులు. మా వైపు మెడ గడ్డ, గ్రాన్యులోమా అంటే టీబీ తప్ప ఇంకో మాట నోట రాదు. టీబీ బ్యాక్టీరియాను చూపించే జీల్-నీల్సన్ స్టెయిన్ చేశాను, బ్యాక్టీరియా కనపడలేదు. కనపడకపోవడం మామూలే కదా అనుకున్నాను. 'గ్రాన్యులోమాటస్ లింఫడినైటిస్, టీబీకి అనుగుణంగా ఉంది' అని రాసి సంతకం పెట్టాను. మొత్తం మీద అయిదు నిమిషాలు పట్టిందేమో.

ఆరు నెలలు టీబీ మందులు వాడినా గడ్డ తగ్గలేదు. పక్కన ఇంకోటి వచ్చింది. విశాఖ తీసుకెళ్లి మళ్లీ బయాప్సీ చేయిస్తే క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫు గ్రంథుల కాన్సర్. వాళ్ల నాన్న నా పాత బ్లాకు (నోడ్ ముక్కని మైనంలో పోసి దాచింది) కోసం వచ్చాడు. కోప్పడలేదు. "మేడమ్, ఆ మైనం ముక్క ఉందా?" అన్నాడంతే. ఆ సాయంత్రం ల్యాబ్ మూసి నా స్లైడు మళ్లీ పెట్టాను. గ్రాన్యులోమాల మధ్య సందుల్లో ఉన్నాయి, హాడ్జ్‌కిన్‌ని పట్టిచ్చే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు, రెండు కేంద్రకాలతో, గుడ్లగూబ కళ్లేసుకుని. ఒకటి కాదు, వెతికితే నాలుగు. చుట్టూ ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు. టీబీలో కనపడే కేసియేషన్ (జున్నులా కుళ్లడం) ఎక్కడా లేదు. ఇవన్నీ మొదటిసారి కూడా నా కళ్ల ముందే ఉన్నాయి. హాడ్జ్‌కిన్‌లో గ్రాన్యులోమాలు ఉండొచ్చని ఎండీ పరీక్షలో నేనే రాశాను!

ఆ పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు. కీమో నడిచినన్నాళ్లూ రెండు వారాలకోసారి రక్తకణాల కౌంట్స్ కోసం నా ల్యాబ్‌కే వచ్చేవాడు. సూది గుచ్చేది మా టెక్నీషియనే అయినా, వాడు వచ్చిన రోజు నేను గదిలోంచి బయటికి రాలేకపోయేదాన్ని.

ఇక నా బాధ. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ (డాక్టర్లు చదువు కొనసాగించే తరగతులు) ఉండాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది కదా, నాకు దానికి రెట్టింపే ఉన్నాయి. సీఎంఈలు దండగ అనను. 2016లో థైరాయిడ్‌లో ఒక రకాన్ని, చుట్టూ తొడుగుండి ఎక్కడా బయటికి చొచ్చుకుపోని ఫాలిక్యులర్ వేరియంట్‌ని, కార్సినోమా (కాన్సర్) అనడం మానేసి నిఫ్ట్‌పీ అని పేరు మార్చారు. ఆ లెక్చర్ వినకపోతే ఇంకా ఎంతమందికి కాన్సర్ అని రాసిచ్చేదాన్నో. కానీ హోటల్ హాలులో నాలుగు లెక్చర్లు, బిర్యానీ, సర్టిఫికెట్. ఇంటికొచ్చాక మళ్లీ అదే కుర్చీ, అదే నేను. కొత్తది నేర్పారు. తెలిసిందాన్నే చూడకుండా వదిలేస్తున్న సంగతి ఎవరూ పట్టుకోలేదు.

పెద్ద ఆసుపత్రుల్లో అయితే పక్క గదిలో ఇంకొకరుంటారు, "ఇది కాస్త చూస్తావా" అనొచ్చు. చిన్న ఊళ్లలో ఒంటరిగా చూసేవాళ్లు ఏం చేస్తున్నారు? నెల రోజులు ఎక్కడికైనా వెళ్లి కూర్చుందామంటే ల్యాబ్ ఎవరు చూస్తారు? వాట్సాప్ గ్రూపులు నాలుగింటిలో ఉన్నాను, ఫొటోలు పెడతాను కూడా. ఈ కేసు మాత్రం పెట్టలేదు. ఎందుకు పెడతాను, అనుమానమే రాలేదుగా.

---

బల్లార్షా బండి (చంద్రపూర్ జిల్లా)

మేడమ్, మీ చివరి వాక్యమే అసలు రోగం.

నాది సిరోంచ. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ఇప్పుడు బల్లార్షాలో ల్యాబ్. పేషెంట్లు మరాఠీలో 'గాఠ' అంటారు, తెలుగులో గడ్డ అంటారు, చూసేది నేనొక్కణ్నే. మీలాగే నాకూ ఒకటి తగిలింది. అది ఇక్కడ రాసే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

మనం సెకండ్ ఒపీనియన్‌కి పంపేవన్నీ అనుమానమున్నవే. అనుమానం వచ్చిందంటే సగం బయటపడ్డట్టే, ఎవరో ఒకరు చూస్తారు. మునిగేది ఈజీ అనుకుని అయిదు నిమిషాల్లో సంతకం పెట్టిన దాంట్లో. అందుకని మంచిర్యాలలో ఉన్న నా బ్యాచ్‌మేటూ నేనూ నాలుగేళ్లుగా ఒక పని చేస్తున్నాం. నెలకు పది స్లైడ్లు మార్చుకుంటాం. వాటిలో మూడే మనం ఏరుకున్నవి. మిగతా ఏడూ రిజిస్టర్‌లో నంబరు ప్రకారం, ప్రతి పదోది. అపెండిక్స్ వస్తే అపెండిక్సే. రిపోర్టు పంపం, పేరు పంపం. నంబరు, వయసు, ఏ భాగమో, రిక్విజిషన్‌లో ఏముందో అంతే. చూసినవాడు తన డయాగ్నసిస్ కాగితం మీద రాసి కవరులో పెడతాడు. ఆదివారం ఫోన్‌లో ఇద్దరం కవర్లు విప్పుతాం.

మొదటి ఆరు నెలలు స్నేహం చెడుతుందేమో అనిపించింది. నిజం.

వాట్సాప్ ఫొటోల గురించి కూడా చెప్పాలి. ఫొటో తీసేది మీరు. మీ కన్ను ఎక్కడ ఆగిందో అక్కడే తీస్తారు. ఆ రోజు మీరు ఫొటో పెట్టినా గ్రాన్యులోమానే పెట్టేవారు, నలభై మంది "టీబీ మేడమ్" అని బొటనవేలు చూపించేవారు. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం పక్క ఫీల్డులో ఉండిపోయేది. గాజు స్లైడే పంపాలి, లేదా మొత్తం స్లైడు స్కాన్ కావాలి. స్కానర్ మనకెక్కడిది, కాబట్టి గాజే.

---

పాత మైక్రోస్కోపు (విశాఖ, రిటైర్డ్)

అమ్మా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. నీ లాంటి స్లైడు నేనూ తప్పు చదివాను. అప్పుడు పక్కన నా ప్రొఫెసర్ ఉన్నారు, చెయ్యి మీద ఒక్కటిచ్చారు. తేడా అంతే.

లింఫ్ నోడ్‌ని ఎప్పుడూ తక్కువ పవర్‌లో మొదలుపెట్టు. మొత్తం నోడ్ ఒకసారి తిరిగి రా. ఆర్కిటెక్చర్ (నోడ్ మామూలు అమరిక) ఉందా పోయిందా, అది తేలకముందు గ్రాన్యులోమా జోలికి పోకు. గ్రాన్యులోమా చాలా మర్యాదస్తుడు, ముందే ఎదురొచ్చి నమస్కారం పెడతాడు. వాడితో మాటల్లో పడితే వెనక ఎవరున్నారో చూడం. కేసియేషన్ లేని గ్రాన్యులోమా, పక్కన ఇయోసినోఫిల్స్, వయసు ఇరవై లోపు. ఈ మూడూ కలిస్తే బ్లాకు ఇంకా లోతుకు కోయించి చూడాలి. ఒక్క పెద్ద కణం అనుమానంగా కనపడినా సీడీ30, సీడీ15, పాక్స్5 అనే ఇమ్యునో స్టెయిన్లు (కణం ఏ రకమో పట్టిచ్చేవి) చేయించాలి. నీ దగ్గర ఇమ్యునో లేకపోతే బ్లాకు పంపు. స్లైడు పగులుతుంది, బ్లాకు పగలదు.

'అనుగుణంగా ఉంది' అనే మాట మనకు దుప్పటి. తప్పకపోతే ఆ మాట వాడుకో, కానీ దాని కింద ఇంకో వాక్యం చేర్చు: నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) లేదు, స్టెయిన్ నెగెటివ్, సీబీనాట్ (టీబీ జన్యుపరీక్ష)తో సరిచూడండి, మందులకు తగ్గకపోతే మళ్లీ బయాప్సీ చేయండి. ఆ చివరి ముక్క నీ రిపోర్టులో ఉండి ఉంటే ఆ పిల్లాడు ఆరు నెలలు ఆగేవాడు కాదు, రెండో నెలలోనే ఎవరో ఒకరు అడిగేవారు. కటువుగా అంటున్నానని అనుకోకు.

ఇక ఒంటరిగా చేసే పని ఒకటి. నీ పాత స్లైడ్లే లేబుల్ మీద కాగితం అంటించి మళ్లీ చదువు. కనీసం రెండు వారాలు పోవాలి, లేకపోతే కన్ను కాదు, జ్ఞాపకం చదువుతుంది. డిజిటల్ స్లైడ్ల మీద రిపోర్టు ఇవ్వడం మొదలుపెట్టే ల్యాబులకు అమెరికన్ పాథాలజిస్టుల కాలేజీ చెప్పే పద్ధతీ ఇదే. కనీసం 60 కేసులు, గాజు మీదా తెర మీదా చూడటం, మధ్యలో రెండు వారాల ఎడం. వాళ్లు దాన్ని యంత్రం కోసం పెట్టుకున్నారు. మనం మన కళ్ల కోసం వాడుకుందాం. వాళ్ల కాన్సర్ ప్రోటోకాల్స్ కూడా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి గోడకు అంటించు. పాత్‌ప్రెజెంటర్ అనే వెబ్‌సైటులో స్కాన్ చేసిన స్లైడ్లు ఉచితంగా చూడొచ్చు. రోజుకు రెండు, పక్కన జవాబు చూడకుండా.

నెల రోజులు వెళ్లనక్కర్లేదు. అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ సెంటర్‌దే. పాథాలజీ విభాగానికి ఉత్తరం రాసి, వారానికో రోజు వచ్చి కూర్చోనిస్తారా అని అడుగు. అడిగితే పోయేదేముంది, రైలు టికెట్టు కూడా కాదు.

---

నైట్ డ్యూటీ

ఇంకో అయిదేళ్లలో ఏఐ చూసేస్తుంది కదా మేడమ్, ఎందుకింత టెన్షన్?

---

నాగావళి ఒడ్డు

నైట్ డ్యూటీ గారూ, మా ల్యాబ్‌లో మధ్యాహ్నం రెండింటికి కరెంటు ఉంటే చాలు ప్రస్తుతానికి.

సార్, మీరు చెప్పిన చివరి వాక్యం నా టెంప్లేట్‌లో ఈ రోజే చేర్చాను. చెయ్యి మీద దెబ్బ తగిలింది, ధన్యవాదాలు. ఎండీలో అడ్డపొగ (చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని) తాగే అవ్వల అంగిలి బయాప్సీలు బల్ల మీద కుప్పగా ఉండేవి. వాటిలో డిస్‌ప్లేజియా (కాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు) గ్రేడ్ మీద మా మేడమ్‌లు ఇద్దరూ మా ముందే వాదించుకునేవారు. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ వాదనే కావాలనిపిస్తోంది.

బల్లార్షా గారూ, ప్రతి పదో నంబరు అన్న మాట రాత్రంతా తిరిగింది. నన్ను కూడా కలుపుకుంటారా?

---

జయపురం కత్తి (కొరాపుట్ జిల్లా)

మేడమ్, నేను జనరల్ సర్జన్‌ని. ఇక్కడ దూరడం సరైనదో కాదో తెలీదు. 'మెడ వాపు, టీబీ?' అని రాసే జాతి మాదే. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి, గ్లవ్ సగం తీసి, సిస్టర్‌కి చెప్తే ఆవిడ రాస్తుంది. రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఎన్నాళ్ల నుంచి, ఎక్స్‌రేలో మీడియాస్టైనమ్ (ఛాతీ మధ్యభాగం) ఎలా ఉంది, ఇవన్నీ నాకు తెలుసు, కాగితం మీద ఉండవు. తప్పు ఒప్పుకుంటున్నాను.

కానీ మా వైపు నుంచీ ఒకటి. నోటి కాన్సర్ రిపోర్టుల్లో గడ్డ ఎంత లోతుకు దిగిందో రాయరు మీరు. మిమ్మల్ని అనడం లేదు, నాకు వచ్చే రిపోర్టుల సంగతి. 'వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా, మార్జిన్లు ఫ్రీ.' అయిపోయింది. 2018 నుంచి అమల్లో ఉన్న ఎనిమిదో ఎడిషన్ కాన్సర్ స్టేజింగ్ (దశ లెక్క)లో రెండు సెంటీమీటర్ల పుండైనా లోతు 5 మిల్లీమీటర్లు దాటితే టీ1 కాదు, టీ2. తర్వాత ఏం చెయ్యాలో నేను ఆ అంకె చూసే తేల్చుకోవాలి. ఫోన్ చేస్తే "స్లైడు తీసి చూడాలి సార్" అంటారు.

---

నాగావళి ఒడ్డు

సార్, అనండి, నన్నే అనండి. నేనూ కిందటేడాది దాకా రాయలేదు. లెక్చర్‌లో విన్నాను, స్లైడ్ షోలో చూశాను, ఇంటికొచ్చి రాయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి. ఇక్కడ ఒక సర్జన్ "అంకె లేకపోతే రిపోర్టు తిరిగి పంపిస్తా" అన్నాక మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక తెలిసింది, కొలవడం అంత సులువు కాదని. పుండు పైనుంచి కొలవకూడదు. పక్కనున్న మామూలు మ్యూకోసా (నోటి లోపలి పొర) దగ్గర బేస్‌మెంట్ మెంబ్రేన్ (ఆ పైపొర అడుగు గీత) ఎక్కడుందో చూసి, ఆ మట్టం పుండు మీదుగా సాగుతున్నట్టు ఊహించుకుని, అక్కణ్నుంచి గడ్డ అడుగుదాకా తాపీమేస్త్రి గుండు దారం వదిలినట్టు నిలువుగా కొలవాలి. పైకి ఉబ్బిన గడ్డ అయితే మొత్తం మందం 9 ఉండి లోతు 4 రావచ్చు. గుంట పడిన పుండు అయితే మందం తక్కువ, లోతు ఎక్కువ. అందుకే అంచున మామూలు మ్యూకోసా కలిసివచ్చేలా ముక్క కోయాలి. గ్రాసింగ్ (స్పెసిమెన్ నుంచి ముక్కలు కోయడం) దగ్గరే అది పోతే మైక్రోస్కోపు ఏమీ చెయ్యలేదు.

మీకో మనవి. నోడ్ తీసినప్పుడు మొత్తం ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం)లో వెయ్యకండి. మధ్యకు కోసి, కోసిన ముఖాన్ని రెండు స్లైడ్ల మీద అద్దండి. ఒకటి గాలికి ఆరనివ్వండి, ఒకటి ఆల్కహాల్‌లో వెయ్యండి. చిన్న ముక్క సెలైన్‌లో సీబీనాట్‌కి. మిగతాది ఫార్మలిన్. రెండు నిమిషాల పని.

---

జయపురం కత్తి (కొరాపుట్ జిల్లా)

సిస్టర్‌కి నేర్పిస్తాను. అబద్ధమెందుకు, నేనే నేర్చుకుని ఆవిడకి నేర్పిస్తాను.

---

పారఫిన్ బాబు (బరంపురం)

డాక్టర్లందరికీ నమస్తే. నేను హిస్టో టెక్నీషియన్‌ని, పద్దెనిమిదేళ్ల అనుభవం. ఇంగ్లీషులో లెక్చర్లు మీకు పెడతారు, స్లైడు చేసే మమ్మల్ని ఎవరూ పిలవరు. కానీ మీరు చదివేది మేం రాసిన పుస్తకమే కదండీ.

నాగావళి మేడమ్ గారూ, మీ నోడ్ స్లైడు ఎంత మందంగా కోశారో చూసుకున్నారా? నోడ్‌కి 3 మైక్రాన్లు దాటకూడదు. 5, 6 కోస్తే కణాలు ఒకదాని మీద ఒకటి పడి అంతా నల్లగా కనపడుతుంది, అందులో పెద్ద కణం దాక్కుంటుంది. బ్లేడు పొదుపు చేసే ల్యాబులు నాకు తెలుసు. మొద్దు బ్లేడుతో పల్చగా రాదు, గీతలు పడతాయి.

ఇంకోటి ఫార్మలిన్. నర్సింగ్ హోమ్‌లు సీసా ఫార్మలిన్‌లో కుళాయి నీళ్లు కలిపి పంపుతాయి. లీటరుకి 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 డిస్టిల్డ్ వాటర్, సోడియం ఫాస్ఫేట్ మోనోబేసిక్ 4 గ్రాములు, డైబేసిక్ 6.5 గ్రాములు. ఇది బఫర్డ్. బఫర్ లేకపోతే రక్తం ఎక్కువున్న చోట నల్లటి పిగ్మెంట్ కూర్చుంటుంది. స్పెసిమెన్‌కి కనీసం పదింతలు ద్రవం ఉండాలి. ఫార్మలిన్ గంటకు ఒక మిల్లీమీటరు లోపలికి పోతుందని మాకు చెప్పారు. కోడిగుడ్డంత నోడ్‌ని కోయకుండా వేస్తే బయట ఉడుకుతుంది, లోపల కుళ్లుతుంది. మేం కలిపి నర్సింగ్ హోమ్‌లకు డబ్బాల్లో పంపడం మొదలుపెట్టాక సగం గొడవ తగ్గింది.

---

బల్లార్షా బండి (చంద్రపూర్ జిల్లా)

బాబూ, నీ పోస్టు ప్రింట్ తీసి మా టెక్నీషియన్ బల్ల ముందు అంటించిన.

మేడమ్, మీరూ రండి, ముగ్గురమవుదాం. స్పీడ్ పోస్ట్‌లో పంపండి, ప్లాస్టిక్ స్లైడ్ డబ్బాలో, చుట్టూ దూది. పేషెంట్ పేరు మీద తెల్ల ప్లాస్టర్ మర్చిపోకండి.

---

నాగావళి ఒడ్డు

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందని.

పది పంపాను. ఏడు రిజిస్టర్ ప్రకారం, మూడు నాకు నచ్చనివి. ఆదివారం కవర్లు విప్పాం. మావారు పక్క గదిలో క్రికెట్ సౌండ్ తగ్గించారు, లోపల ఎవరో పెళ్లిచూపులకు కూర్చున్నట్టు. ఎనిమిది కలిశాయి. నాలుగో నంబరు, బుగ్గ కాన్సర్, నేను లోతు 4 అన్నాను, బల్లార్షా గారు 6 అన్నారు. పది నిమిషాలు వాదించుకున్నాం. ఆయన పైకి ఉబ్బిన భాగం కూడా కలిపి కొలిచారు. ఒప్పుకున్నారు. చెప్పొద్దూ, కాస్త సంతోషమేసింది.

ఆ సంతోషం ఆరో నంబరుదాకా నిలిచింది. గాల్‌బ్లాడర్, యాభై రెండేళ్లావిడ, రాళ్లు. రిజిస్టర్‌లో పదోది కాబట్టి వెళ్లింది, నేనై ఏరుకున్నది కాదు. నేను రాసింది క్రానిక్ కోలిసిస్టైటిస్, అంటే పాత వాపు. ఆయన కాగితం మీద: 'గాల్‌బ్లాడర్ మెడ భాగం సెక్షన్‌లో ఎపిథీలియమ్ (లోపలి పొర) చూడండి. నాకు హై గ్రేడ్ డిస్‌ప్లేజియాలా ఉంది. ఇంకా ముక్కలు తీయండి.'

స్లైడు తెచ్చుకుని చూశాను. ఉంది. ఒక మడతలో, చిన్నగా. మళ్లీ సందులోనే. డిస్‌ప్లేజియా అంతటితో ఆగిందా, కింద కండరంలోకి దిగిందా అన్నది ఇప్పుడు తేలాలి. కండరం దాకా వెళితే ఆవిడకు మళ్లీ పెద్ద ఆపరేషన్ మాట వస్తుంది.

మిగిలిన స్పెసిమెన్ జాడీ ఇంకా పారేయలేదు. నెల దాటితే పారేసే అలవాటు, ఈసారి మా ల్యాబ్ అబ్బాయి మర్చిపోయాడు. వాణ్ని తిట్టాల్సింది, టిఫిన్ పెట్టించాను. సిస్టిక్ డక్ట్ మార్జిన్ (గాల్‌బ్లాడర్ నాళం కోసిన అంచు)తో సహా మిగతాదంతా కోసి పన్నెండు బ్లాకులు పెట్టించాను. సర్జన్‌కి ఫోన్ చేసి, నా రిపోర్టు మారొచ్చు, ఆవిడ నంబరు వెతికి పెట్టుకోండి అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎప్పుడు చెప్తారు?" అన్నారు.

రేపు సాయంత్రం స్లైడ్లు వస్తాయి. 3 మైక్రాన్లు, కొత్త బ్లేడు.